ఏ చట్టం ప్రకారం? నిఘాను ప్రశ్నించే దారులు



ఏటా ఈ సంచికకు మేము వ్రాసేది చదువుల గురించే. ఫీజు రీయింబర్స్‌మెంటు, పదో తరగతి తర్వాత దారులు, ఆడపిల్లల కాలేజీ చదువు వంటివి. ఈసారి వేరే పాఠం ఎంచుకున్నాం. సాయం కోసం సొసైటీకి వచ్చే కుటుంబాలతో మాట్లాడుతుంటే ఈమధ్య ఒకే రకం ప్రశ్న మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. "వేలిముద్ర వేయమన్నారు, వేశాం. ఫోటో తీశారు, నిలబడ్డాం. ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పమన్నారు, చెప్పేశాం. అదంతా ఎక్కడికి పోతుంది మాస్టారూ?" అని. బండారులంకలో మగ్గం నేసేవారు, అమలాపురంలో చిన్న కొట్టు పెట్టుకున్నవారు, గల్ఫ్‌లో పని చేసి తిరిగి వచ్చినవారు అడిగే ప్రశ్న ఇది. అడిగే గొంతులో కోపం కంటే బెరుకే ఎక్కువ.

ప్రభుత్వానికి నిఘా అక్కరలేదని మేము అనం. 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. ఆ రోజు ఎవరు ఏం చేశారో తేల్చడానికి పోలీసులకు కెమెరాలు, వీడియోలే ఆధారమయ్యాయి. మన వీధిలో దొంగతనం జరిగినా ముందు "అక్కడ కెమెరా ఉందా?" అనే అడుగుతాం. నిఘా హద్దు దాటినప్పుడు పౌరుడు చట్టం లోపల నిలబడి ఏం చేయగలడు, ఇంతవరకు ఎవరు చేసి చూశారు, వారికి ఏం దక్కింది అన్నదే ఇక్కడి పాఠం.

మాస్కు తీయమన్న రోజు

2021 మే నెల, కరోనా లాక్‌డౌన్ రోజులు. హైదరాబాద్ పాతబస్తీలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పోలీసులు రోడ్డుపై ఆపారు. మాస్కు తీయమన్నారు. ఎందుకని అడిగితే సరైన జవాబు లేదు. ఆయన వద్దన్నా ట్యాబ్‌తో ఫోటో తీసుకుని పంపేశారు. ఆయన మీద ఏ కేసూ లేదు. అప్పటికే తెలంగాణ పోలీసుల దగ్గర ముఖాన్ని బట్టి మనిషిని గుర్తించే సాఫ్ట్‌వేర్ వాడుకలో ఉంది. తన ఫోటో ఆ యంత్రంలోకి వెళ్లిందా, వెళితే ఎన్నాళ్లుంటుంది, ఎవరు చూస్తారు అన్నది ఆయన సందేహం.

ఇలాంటిది జరిగితే మనలో ఎక్కువమంది ఇంటికి వచ్చి భార్యతో చెప్పుకుని ఊరుకుంటాం. కాస్త నోరున్నవాడైతే వాట్సాప్‌లో ఒక వీడియో పెడతాడు. మసూద్ ఈ రెండూ కాకుండా మూడో పని చేశారు. హైదరాబాద్ పోలీస్ కమిషనర్‌కు లీగల్ నోటీసు పంపారు. తన ఫోటో ఏ చట్టం ప్రకారం తీశారో చెప్పాలని, దాన్ని తొలగించాలని అందులో కోరారు. జవాబు రాకపోవడంతో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ అనే సంస్థ ఆయనకు తోడు నిలిచింది. 2022 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి ధర్మాసనం ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ముఖ గుర్తింపు యంత్రం వాడకాన్ని నేరుగా ప్రశ్నిస్తూ మన దేశంలో కోర్టుకెక్కిన తొలి కేసుల్లో ఇది ఒకటి.

ఇదే ప్రశ్న బ్రిటన్‌లోనూ వచ్చింది. కార్డిఫ్ నగరంలో ఎడ్ బ్రిడ్జెస్ అనే ఆయన 2017లో క్రిస్మస్ ముందు బజారుకు వెళితే పోలీసు వ్యాను మీది కెమెరా ఆయన ముఖాన్ని పట్టింది. ఆయన కింది కోర్టులో ఓడిపోయి అప్పీలుకు వెళ్లారు. 2020 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ వాడకం చట్టవిరుద్ధమని చెప్పింది. ఎవరి ముఖం కోసం వెతకాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి అన్నది పోలీసుల ఇష్టానికే వదిలేశారన్నది కోర్టు పట్టుకున్న తప్పుల్లో ముఖ్యమైనది. మొదటి మెట్టు మీద ఓడినవారు రెండో మెట్టు మీద గెలవడం ఈ కేసుల్లో అరుదేమీ కాదు.

గోదావరి గట్టు నుంచి వెళ్లిన న్యాయమూర్తి

"ఏ చట్టం ప్రకారం?" అనే ప్రశ్నకు బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయనను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరిట హిస్టరీ షీట్ తెరిచారు. అర్ధరాత్రి తలుపు కొట్టడం, ఇంట్లోకి వచ్చి చూడడం, ఊరు విడిచి వెళితే ఎక్కడికని ఆరా తీయడం మొదలైంది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల తీర్పు వచ్చింది. అర్ధరాత్రి ఇళ్ల తనిఖీ చెల్లదని అందరూ అన్నారు. మిగతా నిఘా విషయంలో మాత్రం మెజారిటీ వెనక్కి తగ్గింది. గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదన్నది వారి మాట.

ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు కోకా సుబ్బారావు గారు. రాజమండ్రిలో పుట్టినవారు. తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పోలీసుకు ఆ అధికారం ఇచ్చింది శాసనసభ చేసిన చట్టం కాదు, శాఖ తనకు తాను వ్రాసుకున్న నిబంధన మాత్రమేనని, కాబట్టి ఆ నిఘా మొత్తం చెల్లదని ఆయన తేల్చారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనన్నారు. ఓడిపోయిన అభిప్రాయం అది. కానీ తీర్పు పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది.

దానికి వెలుగు రావడానికి 55 ఏళ్లు పట్టింది. కర్ణాటక హైకోర్టులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి 2012లో, ఎనభై ఆరేళ్ల వయసులో, ఆధార్‌ను ప్రశ్నిస్తూ పిటిషన్ వేశారు. గోప్యత హక్కే లేదని కేంద్రం వాదించింది. 2015 ఆగస్టు 11న, మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ నేతృత్వంలోని ధర్మాసనం ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. సుబ్బారావు గారి అభిప్రాయమే సరైనదని చెప్పారు. ఆ తొమ్మిదిమందిలో జస్టిస్ అబ్దుల్ నజీర్ గారు ఒకరు. 2023లో ఆయన ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు.

ఈ తీర్పు పౌరుడికి ఒక కొలబద్ద ఇచ్చింది. ప్రభుత్వం మన గోప్యతలోకి వస్తే ముందుగా దానికి ఒక చట్టం ఉండాలి. జీవో, సర్క్యులర్, పై అధికారి ఫోన్ కాల్ చట్టం కావు. తర్వాత, ఆ పనికి సరైన ఉద్దేశం ఉండాలి. ఆపైన, ఆ ఉద్దేశానికి తగినంతే చేయాలి, ఈగను కొట్టడానికి రోకలి ఎత్తకూడదు. దుర్వినియోగం జరగకుండా కాపలా కూడా ఉండాలి. మా పదో తరగతి పిల్లలకు దీన్ని ఒక ఉదాహరణతో చెబుతాం. జనం ఎక్కువగా వచ్చే చోట్ల సీసీ కెమెరా పెట్టమని 2013లో ఉమ్మడి రాష్ట్రం ఒక చట్టమే చేసింది. కాబట్టి సంతలో కెమెరాకు ఆధారం ఉంది. అదే కెమెరాను తిప్పి ఒక ఇంటి గుమ్మం వైపు మాత్రమే పెడితే దానికి ఆధారం ఏమిటి? పిల్లలు వెంటనే పట్టుకుంటారు. పెద్దలకే కాస్త సమయం పడుతుంది.

అదే ఆధార్ కేసులో 2018 సెప్టెంబరు 26న వచ్చిన తుది తీర్పు సంక్షేమ పథకాలకు ఆధార్‌ను నిలిపింది. బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు తప్పనిసరి చేయడాన్ని కొట్టేసింది. బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి కాదనీ, ఆధార్ లేదని ఏ పిల్లవాడికీ పథకం ఆపకూడదనీ చెప్పింది. సొసైటీ ద్వారా చదివే పిల్లల తల్లిదండ్రులకు ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం తిరుగుడు తగ్గుతుంది.

రౌడీషీట్ల సంగతి

మన సమాజంలో నిఘా అంటే మొదట గుర్తొచ్చేది స్టేషన్‌లోని షీటే. ఎప్పుడో ఒక గొడవలో పేరు పడితే ఆ కుర్రాడికి ముప్పై ఏళ్లు వచ్చినా, పెళ్లయి పిల్లలు పుట్టినా, పండగ వచ్చినా ఎన్నికలు వచ్చినా స్టేషన్‌కు పిలుపు వస్తూనే ఉంటుంది. పిల్లనిచ్చేవారు వెనకాడతారు. పాస్‌పోర్టు విచారణ దగ్గర పని ఆగుతుంది. గల్ఫ్ మీద ఆధారపడ్డ కోనసీమ కుటుంబాలకు ఇది ఎంత దెబ్బో వేరే చెప్పాలా?

1980లో మలక్ సింగ్ కేసులో ఈ విషయం సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. తీర్పు వ్రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. నేరాలు ఆపడానికి నిఘా రిజిస్టరు ఉండవచ్చు, కానీ పేరు ఎక్కించడానికి నమ్మదగిన కారణం ఉండాలి, నిఘా మనిషి పరువును, గోప్యతను నలిపేలా ఉండకూడదు, పోలీసుల దగ్గర కారణముందో లేదో కోర్టు చూడవచ్చు అన్నది దాని సారం. 2022 జులైలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ డి.వి.ఎస్.ఎస్. సోమయాజులు ఇంకో అడుగు ముందుకు వేశారు. రౌడీషీట్లకు ఆధారంగా చూపే పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లు చట్టం కావని, పుట్టస్వామి తీర్పు తర్వాత వాటి బలంతో షీట్ తెరవడం, ఫోటోలు వేలిముద్రలు తీసుకోవడం, ఇళ్లకు వెళ్లడం కుదరదని తీర్పు ఇచ్చారు. అరవై ఏళ్ల కింద సుబ్బారావు గారు చెప్పిన మాటకు ఇది చుట్టమే. ఏకసభ్య ధర్మాసనం తీర్పులపై అప్పీళ్లు ఉంటాయి. అందుకని షీట్ ఉన్నవారు దీన్ని చేతిలో పట్టుకుని స్టేషన్‌లో వాదనకు దిగకుండా, న్యాయవాదికి చూపించి రిట్ పిటిషన్‌కు వీలుందేమో అడగాలి.

ఫోన్ సంగతి

ఫోన్ వినడానికి చట్టం ఉంది. మొన్నటివరకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం. పి.యు.సి.ఎల్. అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు దీనికి పగ్గాలు వేసింది. కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ హోం శాఖ కార్యదర్శి వ్రాతపూర్వక ఆదేశం ఉండాలి, అది రెండు నెలలకు మించకూడదు, పొడిగించినా మొత్తం ఆరు నెలలే, ఒక సమీక్షా కమిటీ దాన్ని చూడాలి. (ఖరక్ సింగ్ తీర్పు కూడా డిసెంబరు 18నే. మనం ఏటా అల్పసంఖ్యాకుల హక్కుల దినం జరుపుకునే తేదీ కూడా అదే. ఆ రోజు సభల్లో దండలు, శాలువాలతో పాటు ఈ రెండు తీర్పుల గురించి ఒక్క ఉపన్యాసం పెట్టుకుంటే బాగుండునని మా కోరిక.)

ఈ నియమాలు పాటించని ట్యాపింగ్‌ను కోర్టులు కొట్టేశాయి. 2019లో బొంబాయి హైకోర్టు ఒక వ్యాపారి ఫోన్ మీద ఇచ్చిన ఆదేశాలను రద్దు చేసి, రికార్డులు ధ్వంసం చేయమంది. 2025 జులైలో మద్రాసు హైకోర్టు కూడా ఒక ట్యాపింగ్ ఆదేశాన్ని రద్దు చేసింది. మామూలు నేర విచారణ కోసం రహస్యంగా ఫోన్ వినడం కుదరదని, ప్రజా అత్యవసరమో ప్రజా భద్రతో ఉంటేనే అని చెప్పింది.

అయితే చిక్కంతా ఒకచోట ఉంది. ఫోన్ వింటున్నారని మనకు ఎలా తెలుస్తుంది? ఆ ఇద్దరికీ తమ మీద కేసు నడిచింది కాబట్టి తెలిసింది. మామూలు మనిషికి ఎప్పటికీ తెలియకపోవచ్చు. ఇక్కడ సమాచార హక్కు చట్టం కొంతవరకు పనికొస్తుంది. 2013లో ఒక దరఖాస్తుకు జవాబిస్తూ, నెలకు సగటున 7,500 నుంచి 9,000 ఫోన్ ట్యాపింగ్ ఆదేశాలు ఇస్తున్నామని కేంద్ర హోం శాఖే ఒప్పుకుంది. ఒక మనిషి ఒక నెలలో తొమ్మిది వేల ఫైళ్లు చదివి, ఆలోచించి సంతకం చేయగలడా? లెక్కల మాస్టారు అక్కరలేదు, చేతివేళ్లు చాలు.

కోర్టు కూడా అన్నీ చేయలేదు. పెగాసస్ వ్యవహారంలో 2021 అక్టోబరు 27న, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం, దేశ భద్రత అనే మాట అన్నంత మాత్రాన కోర్టు నోరు మూసుకోదని స్పష్టం చేసి సాంకేతిక కమిటీని వేసింది. 2022 ఆగస్టులో ఆ కమిటీ నివేదిక వచ్చింది. 29 ఫోన్లు పరిశీలిస్తే 5 ఫోన్లలో హానికర సాఫ్ట్‌వేర్ కనిపించింది గానీ అది పెగాససేనని తేలలేదు. కేంద్రం సహకరించలేదని కూడా కమిటీ చెప్పింది. పోరాడినవారు ఆశించినంత దక్కలేదు.

ఓటు, సంఘం, ఊరి సమావేశం

కోర్టు ఒక్కటే దారి అనుకుంటే పొరపాటు. మా అభిప్రాయంలో నిఘా విషయంలో రాజకీయ ఒత్తిడి కొన్నిసార్లు తీర్పు కంటే త్వరగా పనిచేస్తుంది. 1988లో ఫోన్ ట్యాపింగ్ ఆరోపణల మీద కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. తెలంగాణలో 2023 చివర ప్రభుత్వం మారాక, 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటికి వచ్చి పోలీసు అధికారులే అరెస్టయ్యారు. నిజం కోర్టులో తేలాలి. కానీ ఓటు పడకపోతే ఆ ఫైలు తెరుచుకునేదా? మన రాష్ట్రంలో 2022లో శాసనసభ పెగాసస్ ఆరోపణల మీద సభా సంఘాన్ని వేసింది. ఒక చమత్కారం గమనించండి. ఏ పార్టీ అయినా ప్రతిపక్షంలో ఉండగా ట్యాపింగ్ మీద గొంతెత్తుతుంది, కుర్చీ ఎక్కగానే ఆ గొంతు బొంగురుపోతుంది. అందుకే అడగవలసింది వారు ఇటూ అటూ మారకముందే, ఓట్ల వేళ, వ్రాతపూర్వకంగా.

ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేయడం ఇంకో దారి. 2019 ఆగస్టు నుంచి మన ఊళ్లలో 50 ఇళ్లకు ఒక వాలంటీరు చొప్పున వచ్చి, కుటుంబం వివరాలన్నీ ఫోన్లో ఎక్కించుకోవడం అందరం చూశాం. సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ అనే సంస్థ వెంటపడగా, 2024 మార్చి 30న ఎన్నికల సంఘం పింఛన్ల పంపిణీ నుంచి వాలంటీర్లను తప్పించింది. వారి ట్యాబులు, ఫోన్లు వెనక్కి తీసుకోమంది. దీని రెండో వైపు కూడా చెప్పాలి. ఆ ఏప్రిల్ ఎండలో ముసలివాళ్లు సచివాలయాల దాకా నడిచి తిప్పలు పడ్డారు. నిఘాను ప్రశ్నించేవారు సేవ ఎలా అందుతుందో కూడా ముందే ఆలోచించి ఉండాలి.

సంఘంగా అడగడం ఎలా ఉంటుందో ఉపాధ్యాయులకు తెలుసు. 2022 ఆగస్టులో ముఖం చూపి హాజరు వేసే యాప్ వచ్చినప్పుడు, సొంత ఫోన్లలో దాన్ని ఎందుకు వేసుకోవాలని సంఘాలన్నీ అడిగాయి. మంత్రి చర్చలకు పిలిచారు, గడువు కొంత జరిగింది. యాప్ మాత్రం పోలేదు. అయినా ఒక్కొక్కరుగా అడిగి ఉంటే ఆ చర్చ కూడా జరిగేది కాదు.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ముస్లింలు కోర్టు మెట్లు ఎక్కకుండానే గెలిచారు. 2010లో అక్కడి రెండు ముస్లిం పేటల చుట్టూ 200కు పైగా కెమెరాలు పెట్టారు, వాటిలో కొన్ని కంటికి కనబడకుండా. దొంగతనాలు, గొడవలు ఆపడానికని ఊరివారికి చెప్పారు. ఆ డబ్బు ఉగ్రవాద నిరోధక నిధి నుంచి వచ్చిందని పత్రికలో బయటపడింది. ఊరివారు సమావేశాలు పెట్టి, తమ కౌన్సిలర్లను నిలదీసి, పోలీసులు కట్టిన కథను బయట పెట్టించారు. కెమెరాలకు సంచులు తొడిగారు, మరుసటి ఏడాది పీకేశారు.

న్యూయార్క్‌లో కోర్టు, పత్రిక, సంఘం మూడూ కలిశాయి. 2001 తర్వాత అక్కడి పోలీసులు మసీదులు, ముస్లిం విద్యార్థి సంఘాలు, హోటళ్ల మీద ఏళ్ల తరబడి రహస్య నిఘా పెట్టారని 2011లో అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. ఆ విభాగం పనివల్ల తన హయాంలో ఒక్క కేసుకూ ఆచూకీ దొరకలేదని దాని పై అధికారి ప్రమాణం చేసి చెప్పవలసి వచ్చింది. అమెరికా సైన్యంలో పనిచేసిన ఫర్హాజ్ హసన్, మరికొందరు దావా వేశారు. కింది కోర్టు 2014లో కొట్టేసింది. 2015లో పై కోర్టు తిరిగి నిలబెట్టింది. 2018లో మతాన్ని బట్టి నిఘా పెట్టబోమని పోలీసులు రాజీ వ్రాసిచ్చారు. ఆ విభాగాన్ని 2014లోనే మూసేశారు.

రేషన్ కార్డు దగ్గరకు వస్తే

ఇవన్నీ పెద్ద ఊళ్ల కథలు అనిపించవచ్చు. నిఘా మన ఇంటి పొయ్యి దాకా వచ్చే చోటు ఇంకొకటి ఉంది. ప్రభుత్వం దగ్గరున్న రకరకాల లెక్కలను, అంటే బండి రిజిస్ట్రేషన్, భూమి, కరెంటు బిల్లు, పన్ను వంటివాటిని ఒకచోట కలిపి, కంప్యూటరే ఈ కుటుంబం పేదదా కాదా అని తేల్చడం. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ ఈ పనే చేస్తుంది. రిక్షా తొక్కుకుని బతికిన ఒక మనిషి పేరిట కారు ఉందని అది చూపిస్తే, ఆ ఇంటికి రేషన్ నిరాకరించారు. పేర్లు కలిసిపోవడం వల్ల వచ్చిన తప్పు అది. మన పేర్లు చూడండి. ఒక్క ఊళ్లోనే ఎంతమంది షేక్ మస్తాన్‌లు, ఎంతమంది మహమ్మద్ అలీలు! ఇంటిపేరు ముందు వ్రాసేవారు, వెనక వ్రాసేవారు, అసలు వ్రాయనివారు. కంప్యూటరుకు మనం అందరం ఒకరిలాగే కనిపిస్తాం.

2016 నుంచి తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు ఇంటికి వచ్చి చూడకుండానే రద్దయ్యాయని సుప్రీంకోర్టుకు వెళ్లిన పిటిషన్ ఎవరిదో చెబితే ఆశ్చర్యపోతారు. పాతబస్తీలో మాస్కు తీయించుకున్న ఆ ఎస్.క్యూ. మసూద్‌దే. 2022 ఏప్రిల్‌లో కోర్టు రద్దయిన కార్డులన్నింటినీ క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమంది. ఆ జులై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 మంది అర్హులని తేలింది. నూటికి ఏడున్నర. చిన్న అంకెలా కనబడుతుంది గానీ, 15,471 పొయ్యిలు అవి. ఫోటో కేసులో ఇంకా అంతిమ జవాబు రాకముందే, అదే మనిషి వేసిన ఇంకో కాగితం వేల ఇళ్లకు బియ్యం తిరిగి తెచ్చింది.

సొసైటీ చేయగల పని

దాతల సొమ్ముతో చేయగల చిన్న పనులు కొన్ని మాకు తోచాయి.

ముందుగా కెమెరాల మాట. మసీదు కమిటీలు, వర్తక సంఘాలు, దాతలు పోలీసులకు సీసీ కెమెరాలు కొనిచ్చే అలవాటు పెరిగింది. ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు ఒక కాగితం తీసుకోవాలి. దృశ్యాలు ఎక్కడ ఉంటాయి, ఎన్ని రోజులు ఉంటాయి, ఎవరు చూడవచ్చు, ముఖ గుర్తింపు యంత్రానికి కలుపుతారా. సొమ్ము మనదైనప్పుడు షరతు అడగడానికి మొహమాటం దేనికి? మసీదు లోపల కెమెరా విషయంలో అయితే కమిటీ ముందే తీర్మానం చేసుకుని మినిట్స్ పుస్తకంలో వ్రాసుకోవాలి.

రెండోది సమాచార హక్కు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లో. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు. గూఢచారి విభాగాలకు ఈ చట్టం నుంచి మినహాయింపు ఉంది గానీ, మానవ హక్కుల ఉల్లంఘన, అవినీతి సంబంధమైన సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదు. 2022లో అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగింది. నేతవారికి ఆర్డర్లు పోయాయి, ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసుకునే పిల్లలు నెట్ కోసం ఊళ్లు పట్టుకు తిరిగారు. అప్పటికి రెండేళ్ల ముందే, 2020 జనవరి 10న, అనూరాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఆదేశాలను ప్రకటించాలని, వాటిని కోర్టులో ప్రశ్నించవచ్చని చెప్పి ఉంది. అలాంటి ఆదేశం ప్రతిని ఎవరైనా ఒక దరఖాస్తుతో అడగవచ్చు.

మూడోది న్యాయ సహాయం. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవారికి, ఆదాయం తక్కువున్నవారికి న్యాయసేవా సంస్థల ద్వారా ఉచితంగా వకీలు దొరుకుతారు. ఫోన్ నంబరు 15100. కానీ అమరావతిలో హైకోర్టు దాకా వెళ్లాలంటే రాకపోకలు, నకళ్లు, అనువాదాలు, నోటీసు ఖర్చులు ఉంటాయి. ఏటా విద్యార్థుల ఫీజులకు తీసే నిధి పక్కనే ఒక చిన్న మొత్తాన్ని వీటికి విడిగా ఉంచితే ఎలా ఉంటుందో కార్యవర్గం ఆలోచించాలి. పుట్టస్వామి గారి కేసుకు ఐదేళ్లు, పి.యు.సి.ఎల్. కేసుకు ఐదేళ్లు పట్టాయి. ఒక్క ఏడాది చందాతో అయ్యే పని కాదని తెలిసే ఈ మాట అంటున్నాం.

చివరగా, సంఘటన జరిగిన రోజే వ్రాసి పెట్టుకోవడం. తేదీ, సమయం, చోటు, అధికారి పేరుపలక, వాహనం నంబరు, పక్కన ఉన్నవారి పేర్లు. అధికారితో గొడవ పడకూడదు, తోపులాట అసలే వద్దు. మర్యాదగా ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వచ్చినా రాకపోయినా, మర్నాడు అదే ప్రశ్నను కాగితం మీద ఎస్పీ గారికి స్పీడ్ పోస్టులో పంపాలి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకున్నా మంచిదే. దరఖాస్తు నమూనాలు తెలుగులో, ఉర్దూలో తయారు చేసి సొసైటీ ఆఫీసులో ఉంచాం. నకలు ఉచితం. పూరించడం రానివారికి ఆదివారం జుహర్ నమాజు తర్వాత ఇంటర్ చదివే మన పిల్లలే కూర్చుని వ్రాసిపెడతారు.